పాత పల్లెటూరి చర్చి వయసు గోడలు చూసి పట్టుకోవడం ఎలా

ఇంగ్లండ్ పల్లెటూళ్లలో పాత చర్చి చూడ్డానికి వెళ్తే నేరుగా లోపలికి వెళ్లిపోకండి, ముందు బయట చుట్టూ ఒక రౌండ్ తిరగండి. ఎందుకంటే ఆ చర్చికి ఒక్క వయసు ఉండదు, ఒక్కో తరం వాళ్లు ఒక్కో ముక్క కట్టుకుంటూ పోయారు, ఆ అతుకులన్నీ బయటే బాగా తెలుస్తాయి.

మొదట ఆర్చిలు చూడండి. గుండ్రంగా ఉంటే చాలావరకు నార్మన్ల కాలం, అంటే ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన వాళ్లు ఇంగ్లండ్‌ని గెలిచిన 1066 తర్వాత ఓ వందేళ్ల పైచిలుకు. సన్నగా పొడుగ్గా పైన మొనదేలితే 1200 ప్రాంతం, కిటికీలో రాతి అల్లిక మెలికలు తిరిగితే 1300 దాటాక, ఆ గీతలే నిట్టనిలువుగా పైదాకా పోతే ఇంకా తర్వాతది. కానీ కిటికీ చూసి గోడ వయసు చెప్పేయకండి, పాత గోడని పగలగొట్టి కొత్త కిటికీ పెట్టడం అప్పట్లో మామూలే. పైగా 19వ శతాబ్దంలో రిపేర్ల పేరుతో పాత స్టైల్లోనే కొత్తవి చెక్కించి పెట్టేశారు, అంచులు మరీ పదునుగా ఉంటే అనుమానించాల్సిందే. ఆ రిపేర్లు చూసి తట్టుకోలేకే డిజైనర్, రచయిత విలియం మోరిస్ వాళ్లు 1877లో పాత కట్టడాల కోసం ఒక సంఘం పెట్టారు, నాకైతే వాళ్లు చేసింది చాలా మంచి పని అనిపిస్తుంది.

టవర్ గోడ మీద ఇప్పటి కప్పు కంటే పైన రెండు వాలుల గీత కనిపిస్తే అది పాత కప్పు ఆనిన గుర్తు.

రాళ్లు కూడా వదలొద్దు. డరమ్ కౌంటీలో ఎస్కోంబ్ చర్చి 7వ శతాబ్దం నాటిది, రోమన్ల కోట నుంచి తెచ్చిన రాళ్లతో కట్టారు, ఉత్తరం గోడలో ఆరో లీజియన్ (రోమన్ సైన్యంలో ఒక పెద్ద దళం) పేరు చెక్కిన రాయి తలకిందులుగా ఉంటుంది!

నాకు బాగా ఇష్టమైనది దక్షిణం గోడ మీద గీసిన ఎండ గడియారం, మధ్యలో చిన్న కన్నం, దాన్నుంచి కిందికి గీతలు, ప్రార్థన టైమ్ తెలియడానికి. అది ఇప్పుడు వాకిటి మండపం లోపల నీడలో ఉందంటే ఆ మండపం తర్వాత కట్టారన్నమాట, లేదంటే ఆ రాయినే వేరే చోటు నుంచి తెచ్చి పెట్టుంటారు.

లోపల సున్నం పెచ్చులూడిన చోట ఎర్రరంగు గీతలు కనిపిస్తే చేత్తో గీకకండి, 1540ల్లో మతసంస్కరణ (ఇంగ్లండ్ చర్చి పోప్ నుంచి విడిపోయి పాత పద్ధతులు మార్చుకోవడం) టైమ్‌లో ఇలాంటి గోడ బొమ్మల మీద చాలా చోట్ల సున్నం కొట్టేశారు. తర్వాత కౌంటీ రికార్డు ఆఫీసులో ఆ చర్చి ఖర్చుల లెక్కలు అడగండి, బాప్తిస్మం పెళ్లి ఖననం రిజిస్టర్లు 1538 నుంచి మొదలైనా కట్టడం గురించి పెద్దగా చెప్పవు, కప్పుకి సీసం కొన్నది, గంట మళ్లీ పోత పోయించింది లాంటివి ఈ లెక్కల్లోనే దొరుకుతాయి.