మీ పాఠాన్ని తోటి టీచర్లు మార్చుకునేలా పంచడం ఎలా?

గుంటూరులో లెక్కలు చెప్పే టీచరుగారొకరు వాట్సాప్‌లో నాకు మిర్చి యార్డు లెక్కల పీడీఎఫ్ పంపారు. చక్కటి లెక్కలు. "40 కిలోల టిక్కీలు (మిర్చి బస్తాలు) పది, క్వింటాలు 15,000 చొప్పున అమ్మితే ఎంత?" అన్నదానికి మాత్రం జవాబు 6,00,000 అని పడింది. ఆ ఒక్క సున్నా తీయడానికి విజయవాడలో నేను నాలుగు పేజీలూ మళ్లీ టైపు చేశాను.

1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ పట్టుబట్టింది ఇందుకే. ప్రోగ్రామును వాడుకోనిస్తే చాలదు, మార్చుకోనివ్వాలి, మార్చినదాన్ని పంచుకోనివ్వాలి. దానికి సోర్సు కోడ్, అంటే ప్రోగ్రామర్ రాసిన అసలు ప్రతి, చేతికి రావాలి. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. పాఠానికి సోర్సు అంటే దిద్దడానికి వీలైన ఫైలే.

ముందు టైపింగ్ సంగతి. అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ తెలుగులోనే కొట్టండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. వర్డ్ లాంటి లిబ్రెఆఫీస్ రైటర్, మండలి అనే తెలుగు ఫాంటు ఉంటే సరిపోతుంది, రెండూ స్వేచ్ఛగా దొరికేవే.

బొమ్మలు మీరు తీసినవి పెట్టండి, లేదా స్వేచ్ఛగా వాడుకునే బొమ్మలుండే వికీమీడియా కామన్స్ సైటు నుంచి తీసుకుని, తీసినవారి పేరు, లైసెన్సు కింద రాయండి. గూగుల్లో కనిపించిందల్లా వాడుకోదగ్గది కాదు.

ఇక అసలు పని, అనుమతి. మన దేశంలో కాపీరైటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసిన క్షణమే వస్తుంది. కాబట్టి మీరేమీ రాయకపోతే మీ పాఠాన్ని ముట్టుకోవడానికి నిజాయితీపరులే వెనకాడతారు. మొదటి పేజీలో ఈ ముక్క పెట్టండి: "ఈ పాఠం క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0 లైసెన్సు కింద ఉంది." మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి పంచితే మాత్రం వాళ్లూ అదే లైసెన్సుతో ఇవ్వాలి. "వ్యాపారానికి వాడకూడదు" అనే రకం కూడా ఉంది గానీ, నేను వద్దంటాను. ఫీజు తీసుకునే ట్యూషన్ మాస్టారు వాడుకోవచ్చో లేదో తేలక ఆగిపోతారు. ఒకసారి ఇచ్చిన ఈ అనుమతిని వెనక్కి తీసుకోలేరు, ఆలోచించే ఇవ్వండి. పాఠ్యపుస్తకం నుంచి ఎత్తిరాసిన పేరాలు ఉంటే ముందే తీసేయండి, అవి మనం ఇవ్వగలిగినవి కావు.

పంపేటప్పుడు పీడీఎఫ్‌తోపాటు ఓడీటీ ఫైలు (రైటర్‌లో తెరిచి దిద్దగలిగేది) కూడా పంపండి. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంటుగా పంపాలి, స్క్రీన్‌షాటుగా కాదు. పిల్లల పేర్లు, మార్కులు అందులో మిగిలిపోయాయేమో ఒకసారి చూసుకోండి.

చివరి పేజీలో మార్పుల చిట్టా ఉంచండి: తేదీ, ఎవరు, ఏం మార్చారు. ప్రోగ్రామర్లు మార్పుల లెక్క ఉంచే గిట్ అనే సాధనంలో చేసేది ఇదే, మనకు మూడు గళ్ల పట్టిక చాలు.

నేను గుంటూరుకు ఫోన్ చేసి అడిగాను. ఆవిడ సంతోషంగా ఒప్పుకుని పైన లైసెన్సు ముక్క రాయమన్నారు. సున్నా దిద్ది, మా పిల్లల కోసం టిక్కీల స్థానంలో నున్న మార్కెట్ మామిడికాయలు పెట్టి, రెండు ఫైళ్లూ ఆవిడకే తిరిగి పంపాను. చిట్టాలో మొదటి వరుస ఆవిడది, రెండోది నాది.