గిటార్ నేర్చుకుంటుంటే వేళ్లు మండుతున్నాయా?

కొత్తగా గిటార్ పట్టినోళ్లకి ఎడమచేతి వేళ్ల కొనలు మండటం మామూలే, దానికే కంగారుపడి గిటార్ అటకెక్కించేయకండి, రోజూ కొంచెం వాయిస్తే మూడు నాలుగు వారాల్లో చర్మం గట్టిపడిపోద్ది. నేను మొదటి ఆదివారమే రెండు గంటలు ఏకబిగిన వాయించేశా, వేళ్ల మీద తీగ గాట్లు పడి ఫోన్ నా వేలిముద్రే గుర్తుపట్టలేదు. అలా చేయొద్దు, పొద్దున పది నిమిషాలు సాయంత్రం పది నిమిషాలు చాలు.

అసలు తప్పంతా గట్టిగా నొక్కడంలోనే ఉంటది. వేలు రెండు ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే మెటల్ పట్టీల) నడిమధ్యలో కాదు, బాడీ వైపున్న పట్టీకి సరిగ్గా వెనకాలే పెట్టి, శబ్దం బర్రుమనకుండా వచ్చేంత వరకే నొక్కండి, ఇంకొక్క పిసరు కూడా వద్దు.

కరెంటు అక్కర్లేని అకౌస్టిక్ గిటార్‌కి 12 సైజు తీగలుంటే వాటికంటే సన్నటి 10వి వేయించుకోండి, చాలా తేడా తెలుస్తది. 12వ ఫ్రెట్ దగ్గర తీగ 3 మిల్లీమీటర్ల కంటే ఎత్తుగా ఉంటే షాపులో తగ్గించమనండి. స్నానం చేసిన వెంటనే వాయించొద్దు, నానిన చర్మం ఊడొస్తది. బొబ్బ వస్తే చిదమకుండా రెండ్రోజులు ఆగండి. మణికట్టు నొప్పి, తిమ్మిరి వస్తే మాత్రం అది వేరే కథ, డాక్టర్‌కి చూపించుకోండి.