మీ ఊళ్ళో క్యాన్సర్ పరీక్షలు సరిగ్గా జరగాలంటే ఏం చేయాలి?

మా పిన్ని అంగిట్లో తెల్లమచ్చతో నెలల తరబడి తిరిగింది. శ్రీకాకుళం వైపు పల్లెల్లో చాలామంది ఆడవాళ్ళలాగే ఆమెకీ అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. నొప్పి లేదు కదా అని ఎవరికీ చూపించుకోలేదు. అప్పటినుంచి ఈ పరీక్షల కోసం తిరుగుతున్నాను.

ముందు, మనకి రావాల్సింది ఏమిటో తెలుసుకోండి. 2016 నాటి కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ వాళ్ళందరికీ నోటి క్యాన్సర్, ఆడవాళ్ళకి అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఐదేళ్ళకోసారి చేయాలి.

తర్వాత ఆశా కార్యకర్తనీ ఏఎన్ఎంనీ కలవండి. తగువుకి వెళ్ళకండి, వాళ్ళ మీద పనిభారం చాలా ఉంది. మూడు ప్రశ్నలు అడగండి: ఊళ్ళో 30 దాటినవాళ్ళు ఎందరు? ఎంతమందిని చూశారు? అనుమానం వచ్చినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు, ఏమైంది? మూడోదానికి జవాబు దొరక్కపోతే మీ పని అక్కడే మొదలవుతుంది.

డ్వాక్రా సంఘం మీటింగ్‌లో పది నిమిషాలు అడిగి తీసుకోండి. క్యాన్సర్ అనగానే టెన్షన్ పడతారు కాబట్టి ముందు పరీక్ష ఎలా ఉంటుందో చెప్పండి. నోరు తెరిపించి లైటు వేసి చూస్తారు. రొమ్ముని చేత్తో తడిమి చూస్తారు. గర్భాశయ ముఖద్వారం మీద పల్చటి వెనిగర్ లాంటి ద్రావణం రాసి, ఒక నిమిషం ఆగి తెల్లమచ్చలు వస్తాయేమో చూస్తారు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు ఏళ్ళ తరబడి చేసిన అధ్యయనంలో ఈ వెనిగర్ పరీక్ష వల్ల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

తలుపు వేసుకోగలిగే గది, పరీక్షకి ఆడమనిషి ఉండాలని గట్టిగా అడగండి. ఇవి లేక వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళని చూశాను.

పీహెచ్‌సీ వైద్యాధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. కదలిక లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

పెద్దాసుపత్రికి రాసినవాళ్ళని ఒంటరిగా పంపకండి. మా వైపు నుంచైతే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళొచ్చు. ఆధార్, రేషన్ కార్డు, పీహెచ్‌సీ చీటీ ముందురోజే సంచిలో పెట్టించండి. ఆ పూట కూలి పోతుందని ఆగిపోయేవాళ్ళుంటారు, సంఘం నుంచి బస్సు ఛార్జీలైనా ఇప్పించండి. పేరు, పంపిన తేదీ, ఏం చెప్పారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, అది మీ దగ్గరే ఉంచుకోండి. వారం దాటినా వెళ్ళనివాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళండి.