అభిజిత్ పక్కనున్న నీలి జంట నక్షత్రం: వెలుగు మార్పును కంటితో కొలిచే పద్ధతి

షీలియాక్ (బీటా లైరే) 12.94 రోజులకోసారి 3.3 మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగు కొలత) నుంచి సుమారు 4.3కు మసకబారి మళ్లీ తేరుకుంటుంది. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. 1784లో ఖగోళ పరిశీలకుడు జాన్ గుడ్రిక్ ఈ మార్పును పట్టుకున్నది కంటితోనే. మీకూ నోటుపుస్తకం, ఎర్ర కాగితం చుట్టిన టార్చి చాలు.

ముందు అభిజిత్‌ను (వేగా) గుర్తుపట్టండి. దాని పక్కన నాలుగు చిన్న చుక్కలు వాలిన దీర్ఘచతురస్రంలా ఉంటాయి. అభిజిత్‌కు దగ్గరి మూల జీటా. దూరపు పొట్టి అంచున ఉన్న రెండిట్లో పడమటిది షీలియాక్, తూర్పుది సులాఫత్. మన దగ్గర జూలై, ఆగస్టుల్లో మబ్బులు వదలవు. మే నెల అర్ధరాత్రులు, అక్టోబరు, నవంబరుల్లో చీకటి పడిన వెంటనే నయం.

సులాఫత్ 3.2, జీటా 4.1. షీలియాక్ వెలుగు ఈ రెండిటి మధ్య ఎక్కడుందో చూడండి. సులాఫత్ నుంచి మూడో వంతు దిగితే 3.2 + 0.3 = 3.5. జీటా కన్నా మసకగా ఉంటే అదే లైరా నక్షత్రమండలంలో 4.3 ఉన్న కప్పా లైరే చుక్కతో పోల్చండి.

పట్టికల్లో జీటాకు 4.36 అని కనిపిస్తుంది. అది ప్రధాన నక్షత్రానిది మాత్రమే. కంటికి దాని తోడు చుక్క వెలుగూ కలిసిపోయి 4.1 అవుతుంది. నాలుగో మూలనున్న డెల్టాతో పోల్చకండి: ఎర్రటి చుక్కను కాసేపు తేరిపార చూస్తే ఉన్నదానికన్నా కాంతివంతంగా తోస్తుంది. ఈరోజు ఎంత ఉండాలో ముందే చూసుకోవద్దు, కన్ను అదే చూస్తుంది!

రాత్రికి ఒక్క అంచనా చాలు, 30 రాత్రులు రాయండి. అన్నిటికన్నా మసకైన రాత్రిని సున్నాగా పెట్టుకుని, మిగతా తేదీల తేడాను 12.94తో భాగించి దశాంశ భాగాన్నే ఉంచుకోండి, దీన్నే దశ అంటారు. 20 రోజుల తర్వాతి అంచనాకు 1.546 వస్తుంది, దాని దశ 0.546. దశను అడ్డంగా, మాగ్నిట్యూడ్‌ను నిలువుగా (చిన్న అంకె పైన) గీయండి.

సున్నా దగ్గర లోతైన పల్లం, 0.5 దగ్గర చిన్నది వస్తాయి. మధ్యలో గీత ఎక్కడా చదునుగా ఉండదు, ఎందుకంటే దాదాపు 13,000 కెల్విన్ల వేడితో నీలితెలుపుగా వెలిగే నక్షత్రం జంట ఆకర్షణకు గుడ్డులా సాగిపోయింది. అది తన వాయువును 13 సూర్యుల బరువున్న తోడుకు పోస్తోంది. ఆ తోడు మందపాటి వాయుచక్రంలో దాక్కుంది. చక్రం అడ్డొచ్చినప్పుడే పెద్ద పల్లం.

ఈ పోతతోనే కాలవ్యవధి ఏటా సుమారు 19 సెకన్లు పెరుగుతోంది. పాత పుస్తకంలోని గ్రహణ (జంటలో ఒకటి రెండోదానికి అడ్డొచ్చి మసకబారే) తేదీతో లెక్కిస్తే రోజుల తేడా వస్తుంది.