సముద్రంలో చేపల వేటకెళ్ళిన మనిషి తుఫానులో గల్లంతైతే పరిహారానికి అప్లై చేసే పద్ధతి

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది కదా, మన కోనసీమ తీరంలో భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళిన మగాళ్ళు చాలామంది మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. అన్నిచోట్లా కలిపి చనిపోయినవాళ్ళే వెయ్యి మందికి పైన, గల్లంతైనవాళ్ళ లెక్క వేరే. శవం దొరక్క, చేతిలో ఏ కాగితమూ లేక మిగిలిపోయే ఆడవాళ్ళ కష్టం ఇంకెవరికీ రాకూడదు, అందుకే ఏ కాగితం ముందు, ఏది వెనక అన్నది రాస్తున్నా.

శవం దొరికితే పని కొంచెం సులువు. పోలీసులకి చెప్పి పంచనామా, పోస్టుమార్టం చేయించండి, ఆ దుఃఖంలో పోస్టుమార్టం వద్దు అనేస్తారు చాలామంది, దయచేసి అనొద్దు, చావుకి కారణం తుఫానే అని చూపించేది ఆ రిపోర్టే. మరణం 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయిస్తే డబ్బులు కట్టక్కర్లేదు. డెత్ సర్టిఫికెట్, ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, భార్య ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు పెట్టి వీఆర్‌ఓ ద్వారా తహసీల్దారుకి అర్జీ ఇవ్వాలి. విపత్తు సహాయ నిధి కింద మనిషికి 4 లక్షలు వస్తాయి.

అసలు చిక్కంతా మనిషి గల్లంతైనప్పుడే. ముందు మీ ఊరి స్టేషన్లోనే మిస్సింగ్ కేసు పెట్టండి, బోటు ఒడిశా వైపు కొట్టుకుపోయిందని ఇక్కడ తీసుకోం అంటే ఒప్పుకోవద్దు, తమ హద్దు కాకపోయినా రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా రాయాలి. మామూలుగా అయితే ఏడేళ్ళు కబురు లేకపోతేనే చనిపోయినట్టు లెక్క, కానీ పెద్ద విపత్తుల్లో ప్రభుత్వం అంత ఆగకుండా విచారణ చేయించి, పేర్లు పేపర్లో వేసి, అభ్యంతరాలకి 30 రోజులు టైమిచ్చి డెత్ సర్టిఫికెట్ ఇప్పించొచ్చు, 2021లో ఉత్తరాఖండ్ చమోలీ వరదకి అలాగే చేశారు. కాబట్టి ఏడేళ్ళు ఆగమని ఎవరైనా అంటే ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చేయకండి, ఆర్డీఓకి రాతపూర్వకంగా అడగండి.

ఆ విచారణలో అడిగేది ఒకటే, ఆ రోజు ఆ బోటులో ఆ మనిషి ఉన్నాడా లేదా అని. బోటు ఓనర్ పుస్తకంలో సరంగు (బోటు నడిపేవాడు), కలాసీల (బోటు పనివాళ్ళ) పేర్లు తేదీతో రాసుంటే అంతకుమించిన సాక్ష్యం లేదు. డీజిల్ బిల్లు, ఐస్ బిల్లు, తిరిగొచ్చిన పక్క బోటువాళ్ళ స్టేట్‌మెంట్లు కూడా జతచేయండి.

ఇంకో ఇబ్బంది ఉంది. ఆధార్ ఒరిజినల్ వేటకి పట్టుకెళ్తారు, ఫోనూ పట్టుకెళ్తారు, బోటు మునిగితే రెండూ పోయినట్టే, ఇంట్లో ఇ-ఆధార్ తీద్దామంటే ఓటీపీ ఆ మునిగిపోయిన ఫోన్‌కే వెళ్తుంది. అందుకని ఇప్పుడే, వాతావరణం బాగున్నప్పుడే, ఆధార్, బోటు రిజిస్ట్రేషన్, రేషన్ కార్డు జిరాక్సులు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి ఇంట్లో పెట్టండి, వీలైతే ఒక సెట్టు ఊరవతల ఉండే చుట్టాలింట్లో కూడా ఉంచండి, ఎందుకంటే ఉప్పెన వస్తే ఇల్లే మిగలదు.

పీఎంఎంఎస్‌వై (ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన) ప్రమాద బీమా వేరే, మనిషి చనిపోతే దానికింద 5 లక్షలు, మత్స్యకారులు ప్రీమియం కట్టక్కర్లేదు గానీ పేరు ముందే ఎక్కి ఉండాలి, సచివాలయంలో ఫిషరీస్ అసిస్టెంట్‌ని అడిగి చూసుకోండి. క్లెయిమ్ కూడా మత్స్యశాఖ ద్వారానే వెళ్తుంది.

బోటు, వలల నష్టానికి నష్టం లెక్కగట్టే ఎన్యూమరేషన్ టీమ్ వచ్చి రాసుకోవాలి, వాళ్ళొచ్చేదాకా విరిగిన బోటు కదపకండి, కదపక తప్పకపోతే రిజిస్ట్రేషన్ నంబర్ కనపడేలా ఫొటోలు తీయండి. 2022-26 కేంద్ర నిబంధనల్లో పూర్తిగా పోయిన బోటుకి 15,000, వలకి 4,000, రిపేరుకైతే బోటుకి 6,000, వలకి 3,000 ఉన్నాయి. ఒక్క వల ఖరీదుకే ఇది ఏ మూలకీ రాదు, నిజం. అయినా లిస్టులో పేరు ఎక్కించుకోండి, రాష్ట్రం తర్వాత జీవో ఇచ్చి పెంచితే ఆ లిస్టు చూసే ఇస్తారు.

అర్జీ ఇచ్చిన ప్రతిచోటా రసీదు అడిగి తీసుకోండి. పని కదలకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి ఆ రసీదులు పట్టుకెళ్ళండి.