తడి ఎటునుంచి వస్తోంది? డెల్టా ఇళ్ళ గచ్చు, నాపరాయి, టైల్స్ తంటాలు

నేల మీద మరక కనబడితే మన వైపు మొదట చేతికొచ్చేది యాసిడ్ సీసా. నేనూ అదే చేశాను. మా వసారాలో నాపరాయి మీద అరచెయ్యంత గరుకు మచ్చ ఇప్పటికీ ఉంది, కాలు పెడితే తెలుస్తుంది. మన గోదావరి డెల్టాలో నేలకొచ్చే జబ్బుల్లో చాలావరకు నీళ్ళవే. కింద మట్టిలోంచి వచ్చాయా, గాల్లోంచి వచ్చాయా, బోరులోంచి వచ్చాయా అన్నది తేలితే మందు సులువు.

గోడ వారన, రాళ్ళ సందుల్లో తెల్లటి పొడి. తుడిస్తే పోతుంది, నాలుగు రోజులకి మళ్ళీ వస్తుంది

ఇది చవుడు. మన దగ్గర కాస్త తవ్వితే నీళ్ళు పడతాయి. కాలవలు పారినన్నాళ్ళూ చేలూ, చుట్టుపక్కల నేలా తడిగానే ఉంటాయి. ఆ తడి మట్టిలోని ఉప్పుని కరిగించుకుని పునాదిలోంచి పైకి ఎక్కుతుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఇంటి మెరకకి వేసిన బుసకలోనో (సన్నటి ఇసుక) మట్టిలోనో ఉప్పుంటే ఇక చెప్పక్కర్లేదు. సముద్రం దగ్గర ఊళ్ళలోనూ, ఉప్పునీటి రొయ్యల చెరువుల పక్కనా ఇది మరీ ఎక్కువ.

దీన్ని కడగడమే పెద్ద పొరపాటు. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి, చేటలోకి ఎత్తి బయట పారెయ్యండి. ఆ తర్వాతే గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి తుడవండి. పైన పెయింటు వేస్తే దాచినట్టే గాని ఆపినట్టు కాదు, ఏడాది తిరక్కుండా పొక్కులొచ్చి లేస్తుంది.

అయితే తడి మట్టిదేనా, పక్కన బాత్రూమ్ పైపుదా? వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు, అంటే నీళ్ళు వదలడం ఆపేసినప్పుడు గమనించండి. అప్పుడు చవుడు తగ్గితే కింది నేలదే. అప్పుడూ అంతే ఉంటే పైపో, బాత్రూమ్ నేల సందులో చూపించుకోవాలి. మా ఇంట్లో రెండేళ్ళు కాలవని తిట్టాక తేలింది, కారుతున్నది బాత్రూమ్ మూల సందు. తాపీ మేస్త్రి నేల మీద కొట్టి చూసి, "ఆయ్, ఇది కాలవ నీళ్ళు కాదండి, మీ నీళ్ళేనండి" అన్నాడు.

నేల తవ్వి కొత్తగా వేయించే పని ఉంటే కాలవలు కట్టేసిన రోజుల్లోనే పెట్టుకోండి. కాంక్రీటు కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిపించండి, అతుకుల దగ్గర ఒకదాని మీద ఒకటి జానెడు ఎక్కేలా.

తెల్లారేసరికి టైల్స్ మీద నీళ్ళు చల్లినట్టుంది

చలికాలం వెళ్ళేటప్పుడు, దక్షిణపు గాలి మళ్ళే రోజుల్లో ఇది మామూలు. రాత్రి చలికి నేల చల్లబడి ఉంటుంది, సముద్రం మీంచి తేమగాలి వచ్చి దాని మీద చెమర్చుతుంది. చల్లటి గ్లాసు బయట నీటిచుక్కలు పట్టినట్టే. కిటికీలు తెరిచి తడిగుడ్డ పెడితే ఇంకా జారుతుంది. ఎండ ఎక్కేదాకా తలుపులు మూసి ఫ్యాను వేసి, పొడిగుడ్డతో తుడవండి. పెద్దవాళ్ళు నడిచే దారి ముందు తుడవండి.

ఇది గాలిదా, కిందిదా అన్న అనుమానం ఉంటే మూరెడు ప్లాస్టిక్ ముక్కని నాలుగు వైపులా టేపుతో నేలకి అతికించి ఒక రోజు ఉంచండి. పైన చెమర్చితే గాలిలో తేమ. అడుగున చెమర్చితే మట్టిలో తడి.

బాత్రూమ్ గుమ్మం దగ్గరా, కుళాయి కిందా పసుపు, ఎరుపు చారలు

బోరు నీళ్ళలో ఇనుము. పట్టినప్పుడు తేటగానే ఉంటాయి, రాత్రంతా బకెట్‌లో ఉంచితే పొద్దున్నకి పచ్చబడి అడుగున తుప్పు చేరుతుంది. ఈ మరక మీద బ్లీచింగ్ పౌడర్ చల్లకండి, ఇంకా ముదురుతుంది. టైల్స్ అయితే లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు టీచెంచాల ఆక్సాలిక్ యాసిడ్ పొడి కలిపి, చేతులకి గ్లౌజులు వేసుకుని, కాసేపు ఉంచి రుద్ది బాగా కడిగెయ్యండి. అది విషం, పిల్లలకి అందనివ్వకండి. తర్వాత ఇల్లు తుడవడానికి తొట్టిలో తేరుకున్న పైనీళ్ళు గాని, కాలవ నీళ్ళ కుళాయి గాని వాడితే చాలు.

రాయి మెరుపు పోయి గరుకుగా, తెల్లగా మారింది

యాసిడ్, నిమ్మకాయ, చింతపండు. నాపరాయి, కడప రాయి, మార్బుల్ అన్నీ సున్నపు జాతి రాళ్ళే. పులుపు తగిలితే కరుగుతాయి. మరక పోలేదు, రాయే పోయింది. ఇంట్లో బాగుచేసే దారి లేదు, మిషన్ పెట్టి పాలిష్ పట్టించాల్సిందే. మీది ఏ రాయో తెలియకపోతే మిగిలిన ముక్క మీద ఒక బొట్టు బాత్రూమ్ యాసిడ్ వెయ్యండి. నురగ పొంగితే సున్నపు రాయి. గ్రానైట్ పొంగదు.

ఎర్ర గచ్చుకీ యాసిడ్ పడదు. తెల్లబారితే సర్ఫ్ మానేసి ఉత్త నీళ్ళతో తుడవండి. బాగా ఆరాక గుడ్డకి నాలుగు చుక్కల కొబ్బరినూనె అద్ది పల్చగా రుద్దండి. ఎక్కువైతే దుమ్ము పట్టి నల్లబడుతుంది, మనుషులు జారతారు.

మండువాలో పాచి

బ్లీచింగ్ పౌడర్ చల్లి తడిపి పదిహేను నిమిషాలు ఉంచి, కొబ్బరి పీచుతో రుద్ది కడగండి. మన దగ్గర పీచుకి కొదవా! ఒకే ఒక్క హెచ్చరిక: బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ ఒకేరోజు ఒకేచోట కలవనివ్వకండి. వచ్చే క్లోరిన్ గాలి ఊపిరాడనివ్వదు.

నేల జిగటగా ఉంది, కాళ్ళకి అంటుతోంది

ఫినాయిలో లిక్విడో ఎక్కువైంది. రెండుసార్లు ఉత్త నీళ్ళతో తుడవండి.

టైలు మీద నడిస్తే డొల్ల చప్పుడు

అడుగున సిమెంటు నిండా పరవకుండా ముద్దలు పెట్టి అతికించారు. ఒకటీ అరా అయితే తీసి మళ్ళీ వేయించండి. గది నిండా ఉంటే బరువైన బీరువా వాటి మీద పెట్టకండి.

వరద తీశాక ఒండ్రు

గోదావరి మధ్య లంకల్లో 1986 ఆగస్టు, 2022 జూలై వరదల్ని చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒండ్రు ఆరకముందే, నీళ్ళు దిగుతుండగానే చెక్కతో బయటికి తోసెయ్యాలి. ఎండితే గడ్డకడుతుంది, అందులో ఇసుక టైల్స్‌ని గీకేస్తుంది. కడిగాక బ్లీచింగ్ నీళ్ళు చల్లండి. నాపరాళ్ళ సందుల్లో దిగిన తడి మాత్రం వారాల తరబడి వస్తూనే ఉంటుంది. అది ఆరేదాకా చాపలూ, ప్లాస్టిక్ పట్టాలూ పరవకండి.