డిస్పోజల్ (సైన్యం వేలంలో వదిలేసిన) జీపు మొరాయిస్తే: విల్లిస్ ఎంబీ సమస్యలు, కారణాలు, మరమ్మతులు

సికింద్రాబాద్ దగ్గరి అల్వాల్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉన్నది 1944 నాటి విల్లిస్ ఎంబీ జీపు. నేను కొన్నప్పుడు దానికి లారీ హారను, ఏదో కారుది ఫ్యూజు పెట్టె, ట్రాక్టరు సైలెన్సరు ఉండేవి. సైన్యం వదిలేశాక చేతులు మారిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఆ పూటకి పని గడిస్తే చాలని ఏదో ఒకటి తగిలించారు. నాకు ఎదురైన సమస్యల్లో సగానికి పైగా ఆ తగిలింపుల పుణ్యమే. అందుకే ఇప్పుడు ఏ తేడా వచ్చినా, ఇంజను విప్పే ముందు ఇక్కడ ఎవరు ఏం మార్చారో వెతుకుతాను.

ఈ అలవాటు నేర్పింది మా వీధిలోనే ఉండే ఒక సుబేదార్ గారు. సైన్యం బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో చేసి రిటైరయ్యారు. ఆ విభాగం కాలేజీ సికింద్రాబాద్‌లోనే ఉంది కాబట్టి బొల్లారం, తిరుమలగిరి వైపు ఇలాంటి పెద్దవాళ్లు ఇంకా దొరుకుతారు.

ముందు మీ బండి ఏదో తేల్చుకోండి. రేడియేటర్ కింద ఛాసిస్ అడ్డపట్టీ గుండ్రటి గొట్టంలా ఉంటే విల్లిస్, బోర్లించిన కాలువలా ఉంటే ఫోర్డ్ జీపీడబ్ల్యూ. యుద్ధకాలంలో రెండు కంపెనీలూ కలిపి ఆరు లక్షలకు పైగా చేశాయి, సామాన్లు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి. బానెట్ ఎత్తుగా ఉంటే అది తరువాతి సీజే-3బీ. మహీంద్రా మన దగ్గర ఏళ్ల తరబడి తయారుచేసింది అదే. దాని ఇంజను వేరు, కొలతలూ వేరు. కింద చెప్పే అంకెలు ఎంబీ, జీపీడబ్ల్యూలకే.

సెల్ఫ్ కొడితే మూలుగుతుంది, ఇంజను తిరగదు

అందరూ మొదట బ్యాటరీ మారుస్తారు. నేనూ మార్చాను, ఒకటి కాదు రెండు. ఆ తరువాత సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్లు వేయించాను. అయినా అదే మూలుగు. సుబేదార్ గారు వచ్చి, "పానా కింద పెట్టు బాబూ, మీటరు తీసుకురా" అన్నారు.

అసలు సంగతి ఇది. ఈ జీపుది 6 వోల్టుల కరెంటు, నెగెటివ్ ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్ బండి ఇనుముకే కలిసి ఉంటుంది). అదే పని చేయడానికి 12 వోల్టుల బండికి ఎంత కరెంటు కావాలో దీనికి దాదాపు రెట్టింపు కావాలి. అంత కరెంటు పారాలంటే తీగ లావుగా ఉండాలి, ప్రతి జాయింటూ శుభ్రంగా ఉండాలి. నా బండికి ఎవరో మామూలు కారు బ్యాటరీ తీగలు వేశారు. పైగా ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దాన్ని ఛాసిస్‌తో కలిపే ఎర్త్ పట్టీ తప్పనిసరి. నాకు ఆ పట్టీ ఉంది. కాకపోతే దాని కింద మూడు పొరల పెయింటు కూడా ఉంది.

పరీక్ష ఇలా చేయాలి. మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ మీద, ఎర్ర తీగ ఇంజను బ్లాకు మీద శుభ్రమైన చోట పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. రీడింగ్ 0.2 వోల్టుల దగ్గర ఉంటే ఎర్తింగ్ బాగున్నట్టు. నాకు 0.9 చూపించింది. ఆరు వోల్టుల్లో దాదాపు ఒక వోల్టు దారిలోనే పోతుంటే మోటారుకి మిగిలేదెంత? పాజిటివ్ వైపు కూడా ఇలాగే, బ్యాటరీ టెర్మినల్ నుంచి సెల్ఫ్ టెర్మినల్ వరకు చూడండి.

రాణీగంజ్‌లో 70 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగ్ కేబుల్ కొని, లగ్గులు ప్రెస్ చేయించి వేశాను. ఎర్త్ పట్టీ కూర్చునే చోట ఎమరీ కాగితంతో మెరిసే ఇనుము వచ్చేదాకా గీకాను. పాత బ్యాటరీతోనే ఇంజను గిర్రున తిరిగింది.

"12 వోల్టులకి మార్చేయండి, గోల వదిలిపోతుంది" అనేవాళ్లు ఉంటారు. పాత సెల్ఫ్‌ని అలాగే ఉంచి 12 ఇస్తే తిరగడం బ్రహ్మాండంగా తిరుగుతుంది, కొన్నాళ్లకి బెండిక్సూ (సెల్ఫ్‌ని ఇంజనుతో కలిపే పళ్లచక్రం) ఫ్లైవీల్ పళ్లూ అరిగిపోతాయి. కాయిల్ (స్పార్క్ కరెంటు పుట్టించేది) మార్చకపోతే పాయింట్లు (ఆ కరెంటుని కలిపి తెంచే స్విచ్చు లాంటివి) కాలిపోతాయి. నా మటుకు నేను 6లోనే ఉన్నాను.

పది కిలోమీటర్లు చక్కగా వెళ్లి ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ స్టార్ట్ అవుతుంది

ఆగిన వెంటనే, చల్లారకముందే చూడాల్సినవి మూడు. ఇంటికి తోసుకొచ్చి తాపీగా చూస్తే ఏమీ దొరకదు.

మొదటిది పెట్రోల్ మూత. ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది కాబట్టి చూడటం తేలిక. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే అక్కడే దొరికినట్టు. మూతకి గాలి రంధ్రం లేదు, లేదా పూడుకుపోయింది. పెట్రోల్ తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి పంపు లాగలేకపోతుంది. మూత సరైనది వేస్తే సరి.

రెండోది స్పార్క్. ఒక ప్లగ్గు తీగ ఊడదీసి ఇంజనుకి అర సెంటీమీటరు దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, దగ్గర్లో పెట్రోల్ చెమ్మ లేకుండా చూసుకోండి. నీలంగా టకటకలాడితే కరెంటు బాగుంది. పసుపు పచ్చగా, నీరసంగా వస్తే పాయింట్లకి తోడుగా ఉండే కండెన్సర్ మీద అనుమానపడండి. వేడెక్కితే పనిచేయని కండెన్సర్లు చాలా ఉన్నాయి, అది మార్చడం చవక కూడా. అదే చేత్తో పాయింట్ గ్యాప్ 0.020 అంగుళాలు, ప్లగ్గు గ్యాప్ 0.030 అంగుళాలు ఉండేలా ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) సరిచేయండి.

మూడోది పెట్రోల్ ఆవిరి పట్టడం. మే నెలలో మన రోడ్ల మీద ఇదే ఎక్కువ. ఇంజను వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరైతే పంపు గాలిని నములుతూ ఉంటుంది. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే బండి కదులుతుంది, కానీ అది మందు కాదు. పైపుని ఎవరైనా సైలెన్సర్ గొట్టానికి ఆనించి తిప్పారేమో చూడండి. నాకు అలాగే ఉంది. పాత దారిలో, ఇనుప క్లిప్పులతో, వేడికి దూరంగా మళ్లించాక ఆ బాధ తగ్గింది.

ఇక్కడే ఈ కాలపు ఇంకో చిక్కు ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023లో మొదలై 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. ఇథనాల్ పాత రకం రబ్బరుని మెత్తబరుస్తుంది. గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది, ఆ నీరు ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతుంది. నెలకోసారి బయటికి తీసే బండికి ఇంతకంటే చేటు లేదు. పంపు డయాఫ్రం (పెట్రోల్‌ని లాగే లోపలి పొర), గొట్టాలు వైటాన్ రకానివి (ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు) వేయించండి. రెండు నెలలు తీయనని తెలిస్తే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో ఉన్నది కూడా అయిపోయేదాకా ఇంజను నడిపి ఆపండి. ఇంజను ఆయిల్ పెట్రోల్ వాసన వస్తే డయాఫ్రం చిరిగి పెట్రోల్ ఇంజనులోకి కారుతున్నట్టు. ఆ ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు.

బ్రేకు పట్టేసి వదలదు

శామీర్‌పేట రోడ్డులో నాకిలా అయింది. నాలుగు డ్రమ్ములూ చెయ్యి పెట్టలేనంత కాలిపోయాయి. బండి చల్లారాక మామూలుగా కదిలింది.

పెడల్‌ని వేలితో నొక్కి చూడండి. మాస్టర్ సిలిండర్ని (బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) తాకే ముందు సుమారు అర అంగుళం ఖాళీగా కదలాలి. ఆ ఖాళీ లేకపోతే లోపల బ్రేక్ ఆయిల్ వెనక్కి వచ్చే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ఆయిల్ వేడికి వ్యాకోచించి షూలని బయటికి నెడుతుంది. పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య రాడ్ అడ్జస్ట్ చేస్తే పోతుంది. ఖాళీ సరిగ్గానే ఉండి కూడా పట్టేస్తుంటే, ఎవరో ఇంజను ఆయిలో ఇంకేదో పోసి ఉంటారు. లోపలి వాషర్లు ఉబ్బిపోయి ఉంటాయి. అప్పుడు మాస్టర్ సిలిండర్, నాలుగు వీల్ సిలిండర్లు, గొట్టాలు అన్నిటిలో రబ్బరు మార్చాలి, ఇనుప పైపులు స్పిరిట్‌తో కడగాలి. ఒక్కటి వదిలేసినా మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది. నాది ఈ రెండో రకం.

మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, ఫ్లోరు అడుగున ఉంటుంది. వాననీరు, బురద దాని మూత మీదే పడతాయి. ఇది ఒకే సర్క్యూట్ బ్రేకు, ఎక్కడ ఒక్క చోట కారినా నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. ఈ ఒక్క విషయంలో పిసినారితనం వద్దు.

50 దాటితే స్టీరింగ్ గజగజ వణుకుతుంది

స్టీరింగ్ డ్యాంపర్ తగిలిస్తే వణుకు కనపడదు, అరుగుదల మాత్రం సాగుతూనే ఉంటుంది. ముందు చక్రాలు జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే వీల్ బేరింగో కింగ్ పిన్నో (చక్రం పక్కకి తిరిగే ఇరుసు) లూజు. ఇంకొకరితో బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. ఆట పోతే బేరింగ్, ఉంటే కింగ్ పిన్. కింగ్ పిన్ బిగువు షిమ్ములు (పలచటి రేకు వాషర్లు) తీసి సరిచేస్తారు. తరువాత యాక్సిల్ మధ్యలో ఉండే, స్టీరింగ్ కదలికని టై రాడ్లకి అందించే బెల్ క్రాంక్‌ని చూడండి. నా అనుభవంలో అసలు దొంగ అదే. దాని పిన్ను, బుష్ అరిగితే టై రాడ్లు ఎన్ని మార్చినా లాభం లేదు. అన్నీ అయ్యాక టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండటం) సుమారు 2 మిల్లీమీటర్లకి పెట్టించండి.

ఫోర్ వీల్ లివర్ బయటికి రానంటుంది

సుత్తి తీయకండి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపి ఉంటారు. ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది) లేదు కాబట్టి మలుపుల్లో మెలి పేరుకుని గేర్లు బిగుసుకుంటాయి. రివర్స్‌లో పది అడుగులు వెళ్లండి, లివర్ తనంతట తనే వదులుతుంది. మాటిమాటికీ ఇలా అయితే నాలుగు టైర్లూ ఒకే సైజువేనా చూడండి.

ఎడమవైపు చక్రం నట్లు ఊడవు

అటువైపువి ఎడమ మరలు, తిరగేసి తిప్పాలి. తెలియక పైపు తగిలించి బలం పెట్టి నేను రెండు స్టడ్డులు విరిచాను. ఇంకో మాట. రెండు ముక్కలుగా ఉండే కాంబాట్ రిమ్ అయితే, గాలి పూర్తిగా తీయకుండా ఆ రెండు ముక్కల్నీ కలిపే నట్ల జోలికి వెళ్లొద్దు. రిమ్ము ఎగిరి మనిషి ప్రాణం పోతుంది.

ఇంజను వేడెక్కుతుంది

బోరు నీళ్లు పోస్తే సున్నం పేరుకుంటుంది. రేడియేటర్ మీద అక్కడక్కడ చల్లగా తగిలే మచ్చలుంటే అక్కడ పూడుకుపోయినట్టు, రాడ్డింగ్ (గొట్టాల్లో సన్నటి కడ్డీ తోసి శుభ్రం చేయడం) చేయించాలి. రేడియేటర్ బాగుంటే టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) చూడండి. ఆలస్యమైనా ఇంజను కాగుతుంది. ఫ్లైవీల్ గుర్తు ప్రకారం టాప్‌కి (పిస్టన్ పైకొచ్చి ఆగే చోటు) 5 డిగ్రీల ముందు ఉండాలి.

కాగితాలు, రంగు

50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ అని వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోల్‌కి, మరమ్మతుకి తిప్పుకోవచ్చు, రోజూ ఆఫీసుకి కుదరదు. సైన్యం వేలం కాగితం లేని బండి ఎంత చవకగా వచ్చినా కొనకండి.

చాలామంది పూర్తిగా సిద్ధం చేశాక చిక్కుకునేది రంగు దగ్గర. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ వాహనాలకి మాత్రమే. నేను ఆ రంగు డబ్బాలు కొనేశాక ఈ సంగతి తెలిసింది. ఇప్పుడు మా జీపు ఇసుక రంగులో ఉంది. సుబేదార్ గారికి అది ఇప్పటికీ నచ్చలేదు.